అయ్యగారి సాంబశివరావు

సికింద్రాబాదు రైల్వే స్టేషను నుండి మౌలాలి మీదుగా ఈశాన్య దిక్కునకు పోవువారికి రెండు పేర్లు మాటిమాటికి వినవచ్చును. ఒకటి ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా, రెండవది ఏ.ఎస్. రావు నగర్. బస్సు కండక్టరు ప్రతిదినము ఆ పేర్లను ఎలుగెత్తి పిలుచును. దిగవలసినవారు దిగుదురు, ఎక్కవలసినవారు ఎక్కుదురు. కాని ఆ రావుగారు ఎవరో, ఆ సంస్థ ఎందులకు పుట్టినదో ఎఱిగినవారు కొలదిమందియే. ఆ ప్రాంతమున ఏ మేడ యెక్కి చూచినను, ఇండ్ల మీద చిన్న పళ్ళెముల వంటి డిష్‌లు ఆకాశము వైపు ముఖము త్రిప్పి నిలిచియుండును. ఉపగ్రహము పంపు అలలను పట్టి ఇంటిలోని టెలివిజనునకు అందించు సాధనములవి. ఆ డిష్‌నకును ఆ పేరునకును ఒక సంబంధము కలదు. అది తెలియవలెనన్నచో రావుగారి జీవితము తెలియవలెను.

అయ్యగారి సాంబశివరావుగారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతము నందలి మోగల్లు గ్రామమున జన్మించిరి. భీమవరమునకు చేరువనున్న ఈ గ్రామము అల్లూరి సీతారామరాజు పూర్వుల నివాసముగా కూడ ప్రసిద్ధి గాంచినది. ఒకే ఊరి పేరు ఇద్దరిని స్మరింపజేయుచున్నది. ఒకరు ఆయుధము చేపట్టి పరుల పాలనతో పోరాడిరి. రెండవవారు స్వరాజ్యము వచ్చిన పిదప కూడ మనలను వీడని వేఱొక పరాధీనతతో పోరాడిరి. ప్రతి యంత్రమునకును, ప్రతి పరికరమునకును పరదేశముల వైపు చేయి చాచుటయే ఆ పరాధీనత.

సాంబశివరావుగారు ఉన్నత విద్యకై కాశీ హిందూ విశ్వవిద్యాలయమును చేరి, అచ్చట ఎం.ఎస్‌సి. పట్టమును పొందిరి. కొంతకాలము అచ్చటనే పరిశోధన చేసిరి. 1946లో టాటా వారి విద్యార్థి వేతనముతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, మఱుసటి సంవత్సరమున విద్యుత్ ఇంజనీరింగులో ఎం.ఎస్. పట్టమును గడించిరి. మన దేశము స్వతంత్రమైన సంవత్సరమదియే. వారు నేర్చిన విద్యతో స్వదేశమునకు తిరిగివచ్చి, హోమీ భాభాగారు బొంబాయిలో నెలకొల్పిన టాటా మూలపరిశోధన సంస్థలో చేరిరి.

ఆ కాలమున భారతదేశము పరమాణుశక్తిని మంచి పనులకు వినియోగింప సంకల్పించెను. అందులకు ముందుగా యురేనియము, థోరియము వంటి ఖనిజములు ఎచ్చట ఉన్నవో వెదకవలెను. ఆ ఖనిజముల నుండి వెలువడు కిరణములు కంటికి కనబడవు; ప్రత్యేకమైన పరికరములు మాత్రమే వానిని పసిగట్టగలవు. అట్టి పరికరములను పరదేశముల నుండి తెప్పింపవచ్చును. కాని అవి వచ్చుటకు నెలలు పట్టును. చెడినచో బాగుచేయువారు ఇచ్చట లేరు. అమ్ముటకు నిరాకరించు హక్కు అమ్మువానికి ఎల్లప్పుడు ఉండును. కావున రావుగారును, వారి సహచరులును ఆ పరికరములను తామే తయారుచేయ పూనుకొనిరి. చిన్న ప్రయోగశాలలో మొదలైన ఆ పని క్రమముగా పెరిగి, ట్రాంబేలోని పరమాణుశక్తి కేంద్రమున ఒక పెద్ద విభాగముగా రూపొందెను. ఆ విభాగమునకు రావుగారే నాయకులైరి.

వారి నేర్పునకు కఠినమైన పరీక్ష 1956లో ఎదురయ్యెను. ట్రాంబేలో అప్సర అను పరమాణు రియాక్టరును నిర్మించుచుండిరి. అందలి ఇంధనము ఇంగ్లండు నుండి వచ్చినది. కాని రియాక్టరును అదుపులో ఉంచు వ్యవస్థను సమకూర్చు బాధ్యత రావుగారి విభాగము మీద పడెను. అది సామాన్యమైన బాధ్యత కాదు. లోపల జరుగు చర్యను ఆ పరికరములు క్షణక్షణము కొలుచుచుండవలెను; హద్దు మీఱిన మఱుక్షణమే ఆపివేయవలెను. అవి తప్పు చూపినచో అపాయము తప్పదు. ఆ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన అప్సర పనిచేయ నారంభించెను. సోవియట్ దేశమును మినహాయించినచో ఆసియా ఖండమున అదియే మొదటి రియాక్టరు. మన చేతులతో చేసిన పరికరములను నమ్మవచ్చునా అను సందేహమునకు ఆనాడు సమాధానము దొరకెను. ప్రభుత్వము రావుగారిని 1960లో పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. 1965లో వారికి శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను.

1962లో చైనాతో యుద్ధము జరిగినప్పుడు మన లోపములెన్నో బయటపడినవి. రేడియోలు, రాడార్లు మొదలగు ఎలక్ట్రానిక్ సాధనముల ఆవశ్యకత అందఱికి తెలిసివచ్చెను. 1963లో ప్రభుత్వము భాభాగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. విక్రమ్ సారాభాయి, సూరి భగవంతము, సాంబశివరావుగార్లు అందు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారగుట మనకు గర్వకారణము. దేశమునకు కావలసిన ఎలక్ట్రానిక్ వస్తువులను దేశమునందే తయారుచేయ మార్గములను ఆ సంఘము చూపెను. కాని 1966 జనవరి 24వ తేదీన భాభాగారు విమాన ప్రమాదమున మరణించిరి. మార్గదర్శి మధ్యలో పోయినను మార్గము నిలిచియుండెను.

1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను సంస్థ ఏర్పడెను. ఈ.సి.ఐ.ఎల్. అని మనము పిలుచునది దీనినే. దానిని స్థాపించి పెంచినవారు రావుగారు. సికింద్రాబాదునకు ఆవల నున్న నేలపై కర్మశాలలు లేచినవి. పరమాణు కేంద్రములకు వలయు పరికరములతో పాటు స్వదేశీ కంప్యూటర్లును, ట్రాన్సిస్టర్లతో పనిచేయు టెలివిజన్ సెట్లును అచ్చట తయారైనవి. సంస్థ పుట్టిన నాటికి దేశములో ఢిల్లీ యందు తప్ప మఱెచ్చటను టెలివిజన్ ప్రసారములు లేవు. రెండవ నగరమైన బొంబాయికి అవి 1972లో గాని రాలేదు. ఆ సంవత్సరముననే రావుగారికి పద్మభూషణ బిరుదము లభించెను.

టెలివిజనును గ్రామములకు చేర్చుట ఎట్లు? సామాన్య ప్రసార స్తంభము నుండి వెడలు అలలు కొంత దూరము మాత్రమే పోగలవు. దేశమంతట స్తంభములు నిలుపుటకు ఎన్నో యేండ్లు, ఎంతో ధనము కావలెను. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానముగా తిరుగు ఉపగ్రహము మనకు ఒకేచోట నిలిచినట్లు కనబడును. దాని నుండి ప్రసారము చేసినచో మారుమూల పల్లెకును, మహానగరమునకును భేదముండదు. ఇది సారాభాయిగారి ఆశయము. ఆయన 1971లోనే మరణించినను ఆ ఆశయము ఫలించెను. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఒక సంవత్సర కాలము మన దేశమునకు ఉపయోగించునట్లు ఏర్పాటు జరిగెను. 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జులై 31వ తేదీ వరకు ఆ ప్రయోగము సాగెను. దానిని సైట్ అని వ్యవహరింతురు. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములను ఎన్నుకొనిరి. నాటి ఆంధ్రప్రదేశ్ అందొకటి.

ఉపగ్రహము అమెరికా వారిదే. కాని పల్లెలలో నిలిపిన గ్రాహకములు మనవి. అహమ్మదాబాదు శాస్త్రజ్ఞులు వానిని రూపొందింపగా, రావుగారి సంస్థ వానిని తయారుచేసెను. డిష్ వెడల్పు సుమారు 3 మీటర్లు. దానిని ఖరీదైన రేకుతో గాక, కోళ్ళ గూళ్ళకు కట్టు ఇనుప తీగ వలతో చేసిరి. ఇది చూచువారికి వింతగా తోచవచ్చును. కాని ఆ ప్రసారపు అల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వలలోని కన్నములు అంతకంటె ఎంతో చిన్నవి. కావున ఆ అలకు వలయు రేకును ఒకటియే. గాలి వలలో నుండి పోవును గనుక డిష్ పడిపోదు, బరువు తక్కువ, వెల తక్కువ. విద్యుత్తు లేని కొన్ని పల్లెలలో బ్యాటరీలతో సెట్లను నడిపిరి. ఉదయము పిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములు. తెలుగు పల్లెలకు తెలుగులోనే కార్యక్రమములు వచ్చినవి. అంతవఱకు సినిమా తప్ప కదలు బొమ్మ నెఱుగని పల్లె ప్రజలు బడి ముంగిట గుమిగూడి వానిని చూచిరి. ఇట్టి గ్రాహకమునే మన దేశము కొలంబోలో నివసించుచున్న ఆర్థర్ క్లార్కు ఇంటి మీద కూడ నిలిపెను. ఇట్టి ఉపగ్రహములతో ప్రపంచమంతట వార్తలు పంపవచ్చునని 1945లోనే వ్రాసినవాడు ఆయనయే.

గడువు తీరగనే ఉపగ్రహము మరలిపోయెను. పల్లెలలోని తెరలు చీకటియైనవి. కాని చేయు నేర్పు మన చేతిలో మిగిలెను. 1983లో మన ఇన్సాట్-1బి ఉపగ్రహము ఆకాశమును చేరెను. 2004 డిసెంబరు నుండి దూరదర్శన్ నెలసరి రుసుము లేకుండ నేరుగా ఇండ్లకు ప్రసారములు పంపనారంభించెను. నేడు దానికి ఫ్రీ డిష్ అని పేరు. సైట్ నాటి ఉపగ్రహమునకై మన ప్రాంతపు డిష్‌ను నైరుతికి కొంత పడమరగా త్రిప్పవలసి వచ్చెను. నేటి ఫ్రీ డిష్ ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశము మీద నున్నది. కావున సికింద్రాబాదు ఇంటి మీది డిష్ ఆగ్నేయమును చూడవలెను. ఆ దిక్కున చెట్టు గాని గోడ గాని అడ్డముండరాదు. స్తంభము నిటారుగ, కదలక నిలువవలెను. పిదప డిష్‌ను వెండ్రుకవాసి చొప్పున త్రిప్పుచు, తెర మీది సంకేత బలమును చూచుచు, అది మిక్కిలి హెచ్చిన చోట మరలను బిగింపవలెను. నేటి అల పొడవు రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. అందుచేతనే నేటి డిష్ చిన్నదయ్యును, తీగ వలతో గాక రేకుతో చేయబడుచున్నది.

రావుగారు 2003 అక్టోబరు 31వ తేదీన కన్నుమూసిరి. వారి సంస్థ చేసిన టెలివిజన్ సెట్లు ఒకప్పుడు ఎన్నో ఇండ్లలో వెలిగినవి. పిదప విపణిలో పోటీ పెరిగి, ఆ పేరు అంగళ్ళ నుండి మాయమైనది. ఇది చూచి వారి శ్రమ వ్యర్థమైనదని తలపరాదు. వస్తువు పాతబడును, విద్య పాతబడదు. పల్లెలకు గ్రాహకములు చేసిన ఆ సంస్థయే, బెంగుళూరు సమీపమున బ్యాలాలు అను చోట 32 మీటర్ల వెడల్పుగల మహా డిష్‌ను నిర్మించెను. 2008లో చంద్రయానము చంద్రుని వద్ద నుండి పంపిన సంకేతములను అది అందుకొనెను. మన ఎన్నికలలో వాడు ఓటు యంత్రములను చేయు సంస్థలలో కూడ అదియొకటి.

బాలబాలికలారా! కొని తెచ్చిన వస్తువు చెడిన దినముననే మన బలహీనత బయటపడును. చేయనేర్చినవానికి ఆ భయము లేదు. రావుగారు దేశమునకు ఇచ్చినది ఒక యంత్రము కాదు, ఆ ధైర్యము. ఇకమీద బస్సులో ఏ.ఎస్. రావు నగర్ అను కేక వినబడినప్పుడు, మోగల్లులో పుట్టిన ఆ మహనీయుని ఒక్కసారి తలంపుడు. మీ యింటి మీది డిష్ గాలికి కదలి బొమ్మ చెదరినప్పుడు, ఎవరో వచ్చి బాగుచేయుదురని ఊరకుండక, పెద్దలను తోడు తీసికొని మేడ యెక్కుడు. అది ఏ దిక్కును చూచుచున్నదో, ఎందుకు చూచుచున్నదో మీ కన్నులతో పరిశీలింపుడు. రావుగారి విద్యయు ఇట్టి ప్రశ్నలతోనే పెరిగినది.