నందమూరి తారక రామారావు

నందమూరి తారక రామారావు (మే 28, 1923 - జనవరి 18, 1996) సుప్రసిద్ధ తెలుగు సినిమా నటుడు, తెలుగుదేశం పార్టీ వ్యవస్థాపకుడు, ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నాయకుడు. పేద కుటుంబాలకు కిలో రెండు రూపాయల ధరకు బియ్యం అందించిన పథకం ఇతని పాలనలో ముఖ్యమైనది.

తొలి జీవితం

కృష్ణా జిల్లా నిమ్మకూరులో లక్ష్మయ్య, వెంకట రామమ్మ దంపతులకు జన్మించాడు. కుటుంబం ఆర్థికంగా చితికిపోవడంతో చదువుకునే రోజుల్లోనే విజయవాడ హోటళ్ళకు పాలు పోసేవాడు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. 1947లో దొరికిన సబ్ రిజిస్ట్రారు ఉద్యోగాన్ని మూడు వారాలకే వదలి సినిమాల కోసం మద్రాసు వెళ్ళాడు. 1949లో విడుదలైన మనదేశం ఇతని తొలి చిత్రం. 1952లో రాయలసీమ కరువు బాధితుల కొరకు తోటి నటులతో కలిసి విరాళాలు సేకరించాడు.

రాజకీయ ప్రవేశం

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించాడు. చౌక బియ్యం ఆ పార్టీ ప్రధాన వాగ్దానాలలో ఒకటి. ఎన్నికలకు ముందే నాటి కాంగ్రెసు ప్రభుత్వం కిలో రూ.1.90కే బియ్యం ఇస్తామని ప్రకటించినా ప్రజలు తెలుగుదేశాన్నే గెలిపించారు. 1983 జనవరి 9న రామారావు ముఖ్యమంత్రి అయ్యాడు.

కిలో రెండు రూపాయల బియ్యం

1983 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, పథకం మొదలైంది. వార్షికాదాయం రూ.6,000 లోపు గల కుటుంబాలు దీనికి అర్హమైనవి. నెలకు మనిషికి 5 కిలోల చొప్పున, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా చౌక ధరల దుకాణాలలో బియ్యం ఇచ్చేవారు. బియ్యానికి అయిన ఖర్చుకు, అమ్మిన ధరకు మధ్య గల తేడాను రాయితీగా ప్రభుత్వమే భరించేది. ఈ భారం ఖజానాను కుంగదీస్తుందని, అనర్హులకు కార్డులు అందుతున్నాయని, బియ్యం నల్లబజారుకు తరలిపోతున్నదని విమర్శలు వచ్చాయి. అయితే సంపాదనలో అధిక భాగం తిండికే వెచ్చించే కూలి కుటుంబాలకు, బజారు ధరలతో పని లేకుండా నెలలో కొన్నాళ్ళ తిండికి హామీ లభించింది.

తరువాతి పరిణామాలు

1989లో రామారావు అధికారం కోల్పోయిన తరువాత బియ్యం ధర పెరిగింది. 1994 డిసెంబరులో తిరిగి ముఖ్యమంత్రి కాగానే రెండు రూపాయల ధరను పునరుద్ధరించాడు. 1995లో పదవి కోల్పోయి, మరుసటి సంవత్సరం హైదరాబాదులో మరణించాడు. 1996లోనే ధర మళ్ళీ పెరిగింది. 2008లో వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రెండు రూపాయల ధరను తిరిగి తెచ్చింది. 2011 నవంబరులో అది ఒక రూపాయి అయింది.

ముఖ్యమంత్రి మారినప్పుడల్లా మారుతూ వచ్చిన ఈ సదుపాయానికి 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం హక్కు రూపం ఇచ్చింది. ఆ చట్టం సాధారణ లబ్ధిదారులకు నిర్ణయించిన పరిమాణం కూడా నెలకు మనిషికి 5 కిలోలే.