అసిమోవ్‌కీ అదే అనిపించింది

మా హాస్టల్లో ‘ఫౌండేషన్’ గొడవ తెగదు. ఐడియా అదిరిందని నేను, అందరూ గదిలో కూర్చుని మాట్లాడుకోవడమేగా అని రూమ్మేట్. మొదటి పుస్తకంలో ఆడవాళ్లు దాదాపు లేరంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఐజాక్ అసిమోవ్ రష్యాలో పుట్టి, మూడేళ్లకే అమెరికా చేరాడు. బ్రూక్లిన్‌లో నాన్న మిఠాయి కొట్టు. అక్కడ అమ్మే పత్రికలు చదివే సైన్స్ ఫిక్షన్ పిచ్చి పట్టింది. 1942లో ఫౌండేషన్ తొలి కథ అచ్చయ్యేనాటికి వయసు 22 (మనకంటే ఎంతో పెద్దేం కాదు). తర్వాత కెమిస్ట్రీలో డాక్టరేట్, బోస్టన్‌లో పాఠాలు. 1966లో సిరీస్‌కి హ్యూగో.

చాలా ఏళ్లకి, కొత్త భాగం రాయమని పబ్లిషర్ వెంటపడితే పాతవి మళ్లీ చదివాడు. యాక్షన్ ఏదీ, అంతా మాటలేగా అని తనకే అనిపించిందట! కానీ ముగిసేసరికి తర్వాతేంటో తెలుసుకోవాలనీ అనిపించిందట. 1982లో ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’ తెచ్చాడు. అందులోనూ మాటలే. 1992లో చనిపోయాడు.

ఇదంతా రూమ్మేట్‌కి చెప్పాను. అయితే తనే గెలిచానంటాడు. నేను ఒప్పుకోలేదు.