కలివికోడిని లోకమునకు తెలిపిన జెర్డన్

నల్లమల యంచున వసించు పాములపాడు పాఠకులకు కలివిపొద తెలియనిది కాదు. అట్టి పొదల చాటున పగలెల్ల దాగి, రాత్రివేళ పురుగులనేరుకొని తిను పక్షి యొకటి కడప ప్రాంతమున కలదు. రొమ్మున రెండు పట్టెలు, పెద్ద కన్నులు దాని గుర్తులు. దానిని కలివికోడి యందురు. ఆ పక్షిని శాస్త్రలోకమునకు తెలిపినవాడు థామస్ జెర్డన్.

ఇతడు 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హాం ప్రాంతమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, 1836లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా చెన్నపట్నము చేరెను. గంజాములో జ్వరపీడితులైన సైనికులకు చికిత్స చేయుచునే పక్షులను సేకరింపసాగెను. అడవిలో ఛాయాచిత్రములు తీయు సాధనములు నాడు లేవు. పక్షిని కొట్టి చర్మము భద్రపరచుటయే పద్ధతి. తొలి సేకరణను స్కాట్లండులోని పండితునకు పంపగా, చేరునాటికే దానిని చిమ్మటలు తినివేసెను! నాటినుండి జెర్డన్ పరుల నిర్ణయములకై వేచియుండక తానే పక్షులను గుర్తించి పట్టిక ప్రకటించెను. పిదప 1843–47 నడుమ 50 చిత్రపటములతో వేరొక గ్రంథమును వెలువరించెను. ఆ పటములలో భారతీయ చిత్రకారుల పనితనము మెచ్చదగినది.

నెల్లూరులో వైద్యాధికారిగా నున్నపుడు ఇతడు యానాదులతో కలసి మెలసి, జంతువుల సంగతులను, మూలికల యుపయోగములను వారినుండి తెలిసికొనెను. దొరతనపు రోజులలో అడవిబిడ్డలను గురువులుగా నెంచిన యధికారులు ఎందరుందురు? ఇతడు సేకరించిన కలివికోడికి కలకత్తాలోని బ్లైత్ పండితుడు 1848లో శాస్త్రీయనామ మొసగెను. చీమలను సైతము జెర్డన్ విడువలేదు. ఎగిరి దూకి వేటాడు చీమను 1851లో వర్ణించెను. 1862–64లో వెలువడిన ఇతని భారతదేశ పక్షుల గ్రంథమున వేయికి పైగా జాతుల వర్ణన కలదు. 1872 జూన్ 12న లండనులో మరణించెను.

కలివికోడి 1900లో అనంతపురము చెంత కనబడి, పిమ్మట ఎవరి కంటను పడలేదు. నశించెననియే పండితులు తలచిరి. 1986 జనవరిలో, రాత్రి వేటల మెలకువ లెరిగిన స్థానికుల తోడ్పాటుతో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారికి కడప జిల్లా రెడ్డిపల్లి చెంత అది సజీవముగా లభించెను. తదుపరి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పరచి అడుగుజాడలు పరిశీలించిరి. తమంతట తామే పనిచేయు కెమెరాలను రాత్రులందు అమర్చి చిత్రములు సంపాదించిరి.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలవరకు వచ్చెను. మన వెలుగోడు జలాశయమును దాటి పోవు కాలువయే అది. కరవుసీమ వారము, కాలువ వలదనగలమా? అయినను కాలువకు మరియొక త్రోవ కలదు, ఆ పక్షికి మరియొక చోటు తెలియదు. పరిశోధకులు మొరపెట్టుకొనగా కాలువ మార్గమును మార్చిరి.