మూడో సీజన్‌కి ముందే బ్యాగ్ సర్దేసిన మనిషి

మా హాస్టల్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్ళం ఓ పదిమంది ఉంటాం. ఏ మేనేజరైనా క్లబ్ మారాడంటే చాలు, అర్ధరాత్రి దాకా గొడవే. డబ్బు కోసం పోయాడని ఒకడు, వెన్నుపోటని ఇంకొకడు. నేను మాత్రం ఆ టైమ్‌లో బేలా గుట్‌మన్ గురించి ఆలోచిస్తుంటాను. ఎందుకో చివర్లో చెప్తాను.

గుట్‌మన్ 1899లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ డాన్స్ టీచర్లు. ఆయన కూడా పదహారేళ్ళకే డాన్స్ నేర్పించే అర్హత తెచ్చుకున్నాడట. తర్వాత ఎంటీకే క్లబ్‌కి ఆడి ఛాంపియన్ అయ్యాడు. యూదులంటే ద్వేషం పెరుగుతున్న హంగరీని వదిలి వియన్నా వెళ్ళి, అందరూ యూదులే ఉండే హకోవా టీమ్‌లో చేరాడు. 1925లో ఆ టీమ్ ఆస్ట్రియా లీగ్ గెలిచింది. ఆ మధ్యలో 1924 పారిస్ ఒలింపిక్స్‌కి హంగరీ తరఫున వెళ్ళాడు. ఆటగాళ్ళకంటే ఆఫీసర్లే ఎక్కువమంది వచ్చారనీ, ఇచ్చిన హోటల్ బాగోలేదనీ ఒళ్ళు మండి, చచ్చిన ఎలుకల్ని పట్టుకెళ్ళి ఆఫీసర్ల గది తలుపులకి వేలాడదీశాడని చెబుతారు. మెస్ కమిటీ మీద మనకి ఎంత కోపమొచ్చినా ఈ లెవెల్‌కి వెళ్ళలేదు కదా!

1926లో హకోవాతో అమెరికా టూర్‌కి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆడాడు, సంపాదించాడు, 1929లో మార్కెట్ కూలినప్పుడు దాచుకున్నదంతా పోగొట్టుకున్నాడు. డబ్బు విషయంలో ఆయన తర్వాత అంత గట్టిగా ఎందుకుండేవాడో నాకు ఇక్కడే అర్థమైనట్టు అనిపిస్తుంది.

యూరప్ తిరిగొచ్చి కోచ్ అయ్యాడు. 1939లో హంగరీ క్లబ్ ఉయ్‌పెస్ట్‌కి లీగూ, మిట్రోపా కప్పూ రెండూ తెచ్చిపెట్టాడు. అంతలో యుద్ధం వచ్చింది. ఆ ఏళ్ళు ఆయన స్విట్జర్లాండ్‌లో గడిపాడని చాలాకాలం అందరూ అనుకున్నారు, ఆయనా పెద్దగా నోరు విప్పలేదు. నిజానికి బుడాపెస్ట్ దగ్గర ఒక అటక మీద దాక్కున్నాడు. తర్వాత వెట్టిచాకిరీ క్యాంపులో పడ్డాడు. 1944 చివర్లో ఇంకెక్కడికో తరలించేలోపే కిటికీలోంచి దూకి పారిపోయాడు. తండ్రినీ తోబుట్టువునీ నాజీలు చంపేశారు. ఇది చదివాక, ఆయన ఒక్కచోట నిలవడు అని తేలిగ్గా అనేవాళ్ళ మాట నాకు నచ్చడం మానేసింది.

యుద్ధం తర్వాత ఆయన ఉద్యోగాలు వదిలిన కథలు ఒక్కొక్కటీ ఒక్కో రకం. రొమేనియాలో చొకానుల్ అనే క్లబ్‌లో కరువు రోజులు కాబట్టి జీతం తిండి సరుకుల రూపంలో తీసుకున్నాడు. అది ఓకే. కానీ ఒక డైరెక్టర్ టీమ్‌లో ఎవరుండాలో చెప్పబోయేసరికి, అయితే నువ్వే నడుపుకో అన్నట్టు వెళ్ళిపోయాడు.

ఇంకోటి కిష్‌పెష్ట్‌లో, 1948. అక్కడ స్టార్ ఎవరనుకున్నారు? కుర్రవాడైన ఫెరెన్స్ పుష్కాష్! పైగా పుష్కాష్ నాన్న స్థానంలోనే గుట్‌మన్ కోచ్‌గా వచ్చాడు. ఒక మ్యాచ్‌లో డిఫెండర్ పత్యీ మరీ మొరటుగా ఆడుతున్నాడని, సెకండ్ హాఫ్‌కి దిగొద్దన్నాడు గుట్‌మన్. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు, అంటే పదిమందితోనే ఆడాలి. పుష్కాష్ ఆయన మాట పట్టించుకోవద్దని పత్యీకి చెప్పాడు. పత్యీ దిగాడు. గుట్‌మన్ ఏమీ అనకుండా పైకెళ్ళి స్టాండ్‌లో కూర్చుని గుర్రప్పందేల పేపర్ చదువుకుని, ట్రామ్ ఎక్కి ఇంటికెళ్ళిపోయాడట. మళ్ళీ రాలేదు.

మిలాన్‌లో అయితే వెళ్ళగొట్టారు. 1955లో, టీమ్ లీగ్‌లో టాప్‌లో ఉండగా! ఆ ఏడాది కప్పు మిలానే గెలిచింది, ఈయన లేకుండా. ఆ తర్వాత నుంచి టీమ్ టాప్‌లో ఉంటే నన్ను తీసేయకూడదు అనే షరతు కాంట్రాక్టులో పెట్టించుకునేవాడని చెప్పుకుంటారు. ఆఫర్ లెటర్ చదవకుండా సైన్ చేసే మన సీనియర్లు ఇది గమనించాలి.

1957లో బ్రెజిల్‌లో సావో పాలోకి రాష్ట్ర ఛాంపియన్‌షిప్, 1959లో పోర్చుగల్‌లో పోర్టోకి లీగ్. గెలిచిన వెంటనే పోర్టోని వదిలి దాని బద్ధశత్రువు బెన్‌ఫికాకి వెళ్ళాడు. రాగానే ఇరవైమంది దాకా ఆటగాళ్ళని పంపించేసి కుర్రాళ్ళని పెట్టుకున్నాడు. లిస్బన్‌లో ఒక మంగలిషాపులో పాత పరిచయస్తుడు, బ్రెజిల్ ఆటగాడు బవర్ కలిసి, మొజాంబిక్‌లో ఒక కుర్రాణ్ణి చూశానని చెప్తే వెంటనే కదిలాడు. ఆ కుర్రాడు యుసేబియో.

1960, 61లో లీగ్. 1961లో బెర్న్‌లో బార్సిలోనాని 3–2తో ఓడించి యూరోపియన్ కప్. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫైనల్, ఎదురుగా రియల్ మాడ్రిడ్, అందులో పుష్కాష్. అవును, అదే పుష్కాష్. ఫస్ట్ హాఫ్‌లోనే మూడు గోల్స్ కొట్టాడు, రియల్ 3–2 ముందుంది. సెకండ్ హాఫ్‌లో బెన్‌ఫికా మూడు కొట్టి 5–3తో గెలిచింది, చివరి రెండూ ఇరవయ్యేళ్ళ యుసేబియోవి. ఈ మ్యాచ్ గురించి చదివినప్పుడల్లా నాకు ట్రామ్ ఎక్కి వెళ్ళిపోయిన మనిషే కనిపిస్తాడు.

వరసగా రెండు యూరోపియన్ కప్పులు తెచ్చాక గుట్‌మన్ బోర్డు దగ్గరకెళ్ళి జీతం పెంచమన్నాడు. కాంట్రాక్టులో అలా లేదు అన్నారు. అంతే, వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో వందేళ్ళు మీరు యూరప్‌లో గెలవరని శపించాడని కథ. ఆ రోజుల పత్రికల్లో దానికి ఆధారం దొరకలేదంటారు. కానీ బెన్‌ఫికా ఆ తర్వాత 1963 నుంచి 2014 దాకా ఎనిమిది యూరప్ ఫైనల్స్ ఆడి ఎనిమిదీ ఓడిపోయింది. 1990 ఫైనల్ వియన్నాలోనే జరిగితే, 1981లో అక్కడే పోయిన గుట్‌మన్ సమాధి దగ్గరకెళ్ళి యుసేబియో ప్రార్థన చేశాడు. అయినా 1–0తో ఓడారు.

శాపం సంగతి పక్కన పెడితే, ఆయన అసలు నమ్మకం వేరే ఉంది. కోచ్‌కి మూడో సీజన్ ప్రాణాంతకం అని ఆయన సిద్ధాంతం. అప్పటికి ఆటగాళ్ళకి ఆయన మాటలు పాతబడతాయి, ప్రత్యర్థులకి ఆయన ఎత్తులు తెలిసిపోతాయి. చిత్రమేంటంటే బెన్‌ఫికాలో మూడో సీజన్‌లోనే రెండో కప్పు గెలిచాడు. 1965లో అదే క్లబ్‌కి తిరిగొచ్చినప్పుడు మాత్రం కలిసిరాలేదు, మాంచెస్టర్ యునైటెడ్ లిస్బన్‌కే వచ్చి 5–1తో కొట్టింది.

అందరూ ఇలాగే ఉండాలని కాదు. అదే కాలంలో మన హైదరాబాద్ రహీమ్ సాబ్ (మైదాన్ సినిమా చూసినవాళ్ళకి తెలుసు) 1950 నుంచి 1963లో చనిపోయేదాకా సిటీ పోలీస్ టీమ్‌నే పట్టుకుని ఉండి, దేశానికి రెండు ఏషియన్ గేమ్స్ బంగారాలు తెచ్చాడు. ఆయన్ని చూస్తే గుట్‌మన్ తప్పనిపిస్తుంది, గుట్‌మన్‌ని చూస్తే... సరే.

మా నాన్న ఒకే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. నా ఫస్టియర్ ఫీజు టైమ్‌లో జీతం పెంచమని అడిగారు. రూల్స్‌లో లేదన్నారట. నాన్న వచ్చేశారు, మర్నాడు మామూలుగానే డ్యూటీకి వెళ్ళారు. అప్పుడు నాకు నాన్న మీద కోపమొచ్చింది, ఆ మాట పైకి అన్నాను కూడా. అనకుండా ఉండాల్సింది. ఇంట్లో ఈఎంఐ ఉందనీ, బుడాపెస్ట్ నుంచి వియన్నాకి ట్రైన్ ఎక్కినట్టు మా నాన్న ఎక్కలేరనీ నాకు అప్పుడు తట్టలేదు.

ఈ ఆర్టికల్ రాస్తూ మొన్న ఫోన్‌లో నాన్నకి గుట్‌మన్ కథంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. బెన్‌ఫికా వదిలేసేనాటికి ఆయన వయసెంత అని మాత్రం అడిగారు. అరవై మూడు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మిడ్ మార్కులు వచ్చాయా అని అడిగారు.