నలుగురితో కలిసి పనిచేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగితే, బడి జ్ఞాపకాలు ఎలాగూ చాలామంది రాస్తారు, నేను ఉద్యోగం సంగతి రాస్తానన్నాను. మన నారాయణరావుపేట బడిలో చదివినవాళ్లం ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నాం. టీచర్లమయ్యాం, ఆర్టీసీలో, బ్యాంకుల్లో చేరాం, కొందరు పట్నంలో సాఫ్ట్‌వేర్, కొందరు గల్ఫ్. ఎక్కడ కలిసినా మాట పని మీద మొదలై పై ఆఫీసరు మీదికో పక్క సీటాయన మీదికో పోతుంది. పని కష్టంగా ఉందనేవాళ్లు తక్కువ, మనుషులతో కష్టంగా ఉందనేవాళ్లే ఎక్కువ. ముప్పై ఏళ్లుగా సివిల్ ఇంజనీరుగా ఉన్న నా అనుభవమూ అదే. కాంక్రీటు ఎన్ని రోజులకు గట్టిపడుతుందో లెక్క ఉంది. మనిషి ఎప్పుడు బిగుసుకుంటాడో ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ విషయంలో నాకు ఎక్కువగా గుర్తొచ్చే మనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఏటా సెప్టెంబర్ 15న ఇంజనీర్లమంతా ఆయన ఫొటోకు దండ వేస్తాం. (తెలంగాణలో జూలై 11న నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి పుట్టినరోజును కూడా ఇంజనీర్ల దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆయన గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి.) దండ వేసి ఆనకట్టల గురించి ఉపన్యాసాలు ఇస్తాం. ఆ ఆనకట్టలు కట్టడానికి ఆయన ఎంతమందితో వేగాల్సి వచ్చిందో, ఎలా వేగాడో మాట్లాడుకోం.

ఆయన పుట్టింది మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లి. పూర్వీకులది మన తెలుగునేలే, గిద్దలూరు వైపున్న మోక్షగుండం. ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ, పిల్లలకు పాఠాలు చెప్పి ఆ డబ్బుతో బతికాడు. 1881లో బి.ఏ. అయ్యాక మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1883లో మొదటి స్థానంలో పాసయ్యాడు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. ఇదంతా మన సార్లు బడిలో చెప్పిందే.

చెప్పనిది ఆ తర్వాతి సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఖాందేశ్ ప్రాంతంలో పాంఝరా నది వాగు కింద గొట్టాలు వేసి నీళ్లు అవతలికి తీసుకుపోయే సైఫన్ పని ఆయనకు అప్పజెప్పారు. పని మొదలైందో లేదో వానలు పట్టుకున్నాయి. వరద వస్తుంది, తవ్విన చోటు ఇసుకతో పూడుతుంది, మళ్లీ తవ్వాలి. ప్రభుత్వ డబ్బు దండగ అవుతోంది, వానలు వెనకబట్టాక చేద్దామని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు రాశాడు. న్యాయమైన మాటే. మన దగ్గర వానాకాలంలో వాగులో పునాది తీసిన వాళ్లెవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆ పై అధికారికి అది పని ఎగ్గొట్టే ఎత్తుగడలా కనిపించింది. విధేయత లేదు, క్రమశిక్షణ లేదు, ఇలాగైతే ఈ కుర్రాడి ఉద్యోగ జీవితం బాగుపడదు అనే అర్థంలో ఘాటుగా జవాబు రాశాడు.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఉద్యోగంలో అప్పుడే చేరిన పిల్లవాడు, మీద తెల్లదొరల పాలన, చేతిలో ఆ కాగితం. ఇప్పటి మన కుర్రాళ్లయితే వెంటనే ఆ కాగితాన్ని వాట్సాప్‌లో నలుగురికి పంపుతారు. కాస్త పెద్దవాళ్లయితే పైవాడికి పైవాడి దగ్గరికి పోతారు. విశ్వేశ్వరయ్య గారు తన మాట తప్పని ఒప్పుకోలేదు, అలాగని వాదన పెంచలేదు. పని చేస్తానని చెప్పి, ఆ వానల్లోనే, ఆ వరదల మధ్యే సైఫన్ పూర్తి చేశాడు. పూర్తయిన పని చూశాక ఆ అధికారే తన రాతను వెనక్కి తీసుకున్నాడు. మెచ్చుకున్నాడు కూడా.

నాకు ఇందులో నచ్చేది పని పూర్తి చేయడం కాదు, ముందు రాసిన ఆ ఉత్తరం. అభ్యంతరం ఉంటే చెప్పాలి. కాగితం మీద, కారణంతో, ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాలి. లోపల మండుతున్నా సరే సార్ అని వచ్చి, టీ కొట్టు దగ్గర ఆ సారును తిట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక చోట ఇద్దరు ఇంజనీర్ల మధ్య మాటలు లేవు. గదులు పక్కపక్కనే ఉన్నా ఫైలు మీద రాసుకునేవాళ్లు. ఒక చిన్న కల్వర్టు డ్రాయింగు ఆ గది నుంచి ఈ గదికి ఎనిమిది నెలలు తిరిగింది. ఆ వానాకాలమంతా పిల్లలు మోకాలి లోతు నీళ్లలో వాగు దాటి బడికి పోయారు. ఇద్దరూ తెలివైనవాళ్లే, నిజాయతీపరులే. అదే నాకు ఎక్కువ బాధ.

బొంబాయి శాఖలో ఆయన వేగంగా పైకి వచ్చాడు. సింధ్‌లోని సుక్కూరు పట్టణానికి మంచినీళ్లు తెచ్చాడు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే, మత్తడి మీద తలుపులు పెట్టి ఎక్కువ నీళ్లు ఆపుకోవడం. వరద ఒక మట్టం దాటితే తలుపులు తమంతట తామే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. దానికి పేటెంటు తీసుకున్నాడు గానీ, తాను జీతం తీసుకుంటూ కనిపెట్టినది కాబట్టి ప్రభుత్వం నుంచి రాయల్టీ వద్దన్నాడు.

పైకి రావడంలో ఒక చిక్కుంది. తనకంటే ముందు చేరినవాళ్లను ఎంతోమందిని దాటించి ఆయనకు పదోన్నతి ఇచ్చారు. దాటిపోయినవాడి ఆనందం ఒక్క రోజే. దాటబడినవాళ్ల బాధ రోజూ పక్కనే కూర్చుంటుంది. పైగా ఆ రోజుల్లో చీఫ్ ఇంజనీరు కుర్చీ ఆంగ్లేయులకే. ఇంకెక్కే మెట్టు లేదని, ఉంటే మనసులు ఇంకా చెడతాయని గ్రహించి 1908లో ఉద్యోగం వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు, పత్రికలకెక్కలేదు. పూర్తి పెన్షన్‌కు కావలసిన ఇరవై ఐదేళ్ల సర్వీసు నిండకపోయినా బొంబాయి ప్రభుత్వం పెన్షన్ ఇచ్చి పంపింది. ఎలా వెళ్లాడన్నది కూడా వాళ్లు చూసి ఉంటారని నా నమ్మకం.

యూరప్ తిరుగుతుండగా హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పట్నాన్ని ముంచేసింది. సుమారు పదిహేను వేల మంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లోని ఆ చింతచెట్టు కథ, దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికిన కథ, మా ఇంటి పెద్దలు కూడా చెప్పేవారు. 1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్య గారు వచ్చి పని మొదలుపెట్టారు.

చెరువు తెగినప్పుడు ఏ శాఖలోనైనా మొదట వెతికేది తప్పు ఎవరిదని. కట్ట చూసేవాడిదా, తూము తీసేవాడిదా, అనుమతి ఆపిన గుమాస్తాదా. ఆయన ముందు లెక్క తీశాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, అందులో 221 తెగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పైది తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, దాని కట్ట ఎంత గట్టిదైనా ఆగదు. పట్నం దగ్గర నదిలో వచ్చిన గరిష్ఠ వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని తేల్చాడు. మూసీ మీద, ఈసీ మీద పట్నానికి ఎగువన రెండు జలాశయాలు కట్టి దాదాపు 20 టీఎంసీల వరదను ఆపాలన్నాడు. అక్టోబర్‌కల్లా నివేదిక ఇచ్చేశాడు. ఆరు నెలల పని. ఎవరో ఒకరి మెడకు చుట్టి ఉంటే ఆరు వారాల్లో అయిపోయేది, చెరువులు మాత్రం అలాగే ఉండేవి.

నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయాడు. పథకం గీసింది ఒకరు, కట్టాల్సింది మరొకరు. మా శాఖల్లో సరిగ్గా ఇలాంటి చోటే గొడవ పుడుతుంది. పాత ఇంజనీరు గీసినదాన్ని కొత్త ఇంజనీరు పక్కన పడేసి తనది మొదలుపెడతాడు. హైదరాబాద్ ఇంజనీర్లు అలా చేయలేదు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయనా నేనుంటేనే అవుతుందని పట్టుబట్టలేదు, తర్వాత మురుగుకాలువల పథకానికి పిలిస్తే వచ్చి సలహా ఇచ్చి వెళ్లాడు. గండిపేట నీళ్లు తాగిన పట్నంవాసులు ఎన్ని తరాలో లెక్కపెట్టుకోండి. ఈ చెప్పినవాడూ కట్టినవాళ్లూ పేచీ పడి ఉంటే ఆ నీళ్లు లేవు.

మైసూరులో మళ్లీ ఇంకో రకం ఇబ్బంది. కావేరి మీద కన్నంబాడి దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలని ప్రతిపాదిస్తే, అంత ఖర్చు సంస్థానం మోయలేదని ప్రభుత్వంలోని పెద్దలే వెనకాడారు. డబ్బుల పెట్టె చూసుకునేవాడికీ పని చేసేవాడికీ మధ్య ఈ తగువు ఇప్పటికీ ప్రతి ఆఫీసులో ఉన్నదే. ఎకౌంట్స్ వాళ్లను శత్రువుల్లా చూసే ఇంజనీర్లు నాకు చాలామంది తెలుసు. ఆయన వాళ్లతో జగడం పెట్టుకోకుండా లెక్కలతోనే జవాబు చెప్పాడు. కోలారు బంగారు గనులకు కరెంటు అమ్మితే ఎంత వస్తుంది, కొత్తగా సాగయ్యే భూమి నుంచి ఎంత వస్తుందన్నది కాగితం మీద చూపాడు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయార్ ఒప్పుకోవడంతో 1911లో పని మొదలైంది. అదే కృష్ణరాజసాగర్.

మరుసటి ఏడాదే ఆయన దివాన్ అయ్యాడు. పదవి ఒప్పుకునే ముందు చుట్టాలందరినీ భోజనానికి పిలిచి, సిఫారసుల కోసం నా దగ్గరికి రాకండని చెప్పాడంటారు. ప్రభుత్వ కొవ్వొత్తి, సొంత కొవ్వొత్తి కథ అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఈ భోజనం కథే నచ్చుతుంది. విస్తరి ముందు కూర్చోబెట్టి, మర్యాదగా, ముందే చెప్పడం. పని మొదలయ్యాక కాదనడం కంటే అది ఎంతో నయం. సమయం విషయంలో చాలా ఖచ్చితం. మైసూరు పేటా, కోటు లేకుండా ఎవరికీ కనిపించేవాడు కాదు. మాట్లాడాల్సింది ముందే రాసి, దిద్ది, మళ్లీ రాసుకునేవాడు. అవతలివాడి సమయాన్ని గౌరవించడమంటే నా లెక్కలో అదే. సిద్ధం కాకుండా మీటింగుకు వచ్చి పదిమంది పూట పాడుచేసేవాళ్లను రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆయనతో నేను ఒప్పుకోని విషయం. 1918లో సర్కారు ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు వాటా ఇవ్వాలన్న ఆలోచనను మహారాజు ముందుకు తెచ్చాడు, మిల్లర్ కమిటీ వేశాడు. ప్రతిభ దెబ్బతింటుందని దివాన్ వ్యతిరేకించాడు. అక్కడ మహారాజుదే సరైన దారి, దివాన్‌ది కాదు. మన ఊరి నుంచి, మన బ్యాచ్‌ల నుంచి రిజర్వేషన్ మెట్టు ఎక్కి ఇంజనీర్లూ డాక్టర్లూ టీచర్లూ అయినవాళ్లను చూడండి, ప్రతిభకు ఏం తక్కువైంది? నేనూ ఆ మెట్టు ఎక్కినవాణ్ణే. ఎంత గొప్పవాడైనా తాను కష్టపడి ఎక్కిన దారి ఒక్కటే దారి అనుకోవడం సహజమేమో. ఫొటోకు దండ వేసేటప్పుడు ఈ మాట దాచిపెట్టనక్కర లేదు.

అయితే ఆ విభేదం వచ్చినప్పుడు ఆయన చేసినదేమిటి? కుర్చీలో కూర్చుని కమిటీ పనికి అడ్డుపుల్లలు వేయలేదు. ఫైళ్లు తొక్కిపట్టలేదు. నమ్మని పనిని నడిపించలేనని రాజీనామా ఇచ్చి తప్పుకున్నాడు. మహారాజు తన దారిన తాను వెళ్లాడు. ఇద్దరి మధ్య మర్యాద మాత్రం చెడలేదు. ఎలా తెలుసంటే, అయిదేళ్లు తిరక్కుండానే భద్రావతి ఇనుము కర్మాగారం నష్టాల్లో కూరుకుపోతే మైసూరు ప్రభుత్వం మళ్లీ ఆయన్నే పిలిచింది. ఆయనా వచ్చాడు. తలుపులు గట్టిగా వేసి వెళ్లినవాణ్ణి ఎవరూ మళ్లీ పిలవరు.

1923 నుంచి 1929 దాకా ఆ కర్మాగారానికి చైర్మన్‌గా ఉండి, విదేశీ నిపుణుల మీద ఆధారపడడం తగ్గించి, మనవాళ్లకు పని నేర్పించి దాన్ని నిలబెట్టాడు. అక్కడి పనికి తనకు రావలసిన సొమ్మును చేతికి తీసుకోకుండా, కుర్రాళ్లకు చేతిపనులు, వృత్తివిద్య నేర్పే సంస్థ పెట్టడానికి వాడమన్నాడు. 1943లో బెంగళూరులో అది మొదలైంది. ఇప్పుడు పాలిటెక్నిక్‌గా నడుస్తోంది. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు దాటి 1962 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆ పాలిటెక్నిక్ గేటు మీద ఉన్నది మాత్రం ఆయన పేరు కాదు, మహారాజు జయచామరాజేంద్ర పేరు.