వలువలిచ్చిన కృష్ణుడు, పాచికలాడిన శకుని

చిలకలపూడి సీతారామాంజనేయులుగారు 1907 జూలై 11న జన్మించారు. లోకానికి ఆయన సి.యస్.ఆర్. మైకులు లేని నాటి పద్యనాటక రంగంలో చివరి వరుస ప్రేక్షకునికి సైతం ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించవలసి ఉండేది. అక్కడ సానబట్టిన కంఠంతోనే ఆయన తొలి కీర్తిని ఆర్జించారు. అదీ దుష్టపాత్రలతో కాదు, శ్రీకృష్ణుని వేషంతో.

1936లో వెలువడిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' చిత్రంలో ఆయనే కృష్ణుడు, యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు. బళ్ళారి రాఘవగారంతటి మహానటుడు నటించిన 'ద్రౌపదీ మానసంరక్షణం' అదే ఏట పోటీకి నిలిచినా, ప్రజాదరణ సి.యస్.ఆర్. చిత్రానికే దక్కింది. 1939లో పి.పుల్లయ్యగారి చిత్రంలో ఆయన సాక్షాత్తు వేంకటేశ్వరుడు.

దేవుడికి వార్ధక్యం లేకపోవచ్చును గాని, దేవుని వేషం కట్టే నటునికి తప్పదు. నాయక పాత్రలు యువనటుల పాలైనవి. సి.యస్.ఆర్. 'పాతాళభైరవి'లో ఉజ్జయిని రాజుగా, 'దేవదాసు'లో పార్వతిని వివాహమాడిన జమీందారుగా కనిపించారు. తాము వేంకటేశ్వరునిగా చూపిన నటునే పుల్లయ్యగారు 1955లో 'కన్యాశుల్కం'లో రామప్పపంతులుగా చూపారు. కూటసాక్ష్యాలతో, వ్యాజ్యాలతో పొట్టపోసుకొనే ఆ పెద్దమనిషిని సి.యస్.ఆర్. ఎక్కడా గద్దించి పలికించలేదు, తియ్యగా నమ్మబలికించారు.

ఆ తీపియే 1957లో విజయావారి 'మాయాబజార్'లో విషమైనది. దర్శకులు కె.వి.రెడ్డిగారు. ఏకకాలంలో తయారైన తమిళ చిత్రంలో శకుని యం.యన్.నంబియార్, తెలుగులో సి.యస్.ఆర్. అందులో ద్రౌపది మొర ఆలకించి వలువలనుగ్రహించే కృష్ణుడు నందమూరి తారకరామారావుగారు. ఇరువది యొక్క సంవత్సరాల క్రిందట ఆ వలువలనే ఇచ్చిన నటుడు, ఇప్పుడా పరాభవానికి మూలమైన పాచికలు చేతబట్టాడు! కనుబొమ్మలు ముడివేయడు, కేకలు పెట్టడు. మేనల్లుని చెంత నిలిచి, కృష్ణుని వేషానికి నేర్చిన చిరునవ్వునే కుట్రకు వాడుకొన్నాడు. కడకు ఘటోత్కచుని మాయవలన సత్యపీఠమెక్కి, దాచిన దుర్బుద్ధినంతా తన నోటనే వెళ్ళగ్రక్కే ఘట్టంలో మాత్రం ఆ నిగ్రహం తెగిపోతుంది. అంతవరకు అణచిన స్వరం ఒక్కసారిగా బయటపడడం చేతనే ప్రేక్షకులు అంతగా నవ్వారు.

తరువాత మరి ఆరేండ్లు ఆయన వెండితెరపై నిలిచారు. 1963 అక్టోబరు 8న, యాభై ఆరేండ్ల వయస్సులో, కన్నుమూశారు.