గింజలు మోసిన జాన్ చాప్‌మన్ గారు

భివండి రోడ్‌లో బండి మీద ఆపిల్ కొని గింజలు పారవేసే మనకు, ఆ గింజల కోసమే నడిచిన ఒకరి జీవితమును పరిచయం చేయుచున్నాము.

జాన్ చాప్‌మన్ గారు 1774లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జన్మించారు. పెన్సిల్వేనియాలో ఆపిల్ రసం తీసే గానుగల వద్ద పిప్పిలోని గింజలు ఏరి, ఒహాయో, ఇండియానా అడవులకు మోసుకొని వెళ్లారు. దారి పొడవునా చల్లుకుంటూ పోయారన్నది కథ మాత్రమే. ఆయన నేల బాగుచేసి, కంచె కట్టి, నారుమడులు పెంచి, వలస వచ్చినవారికి మొక్కలు అమ్మేవారు. డబ్బు లేనివారి వద్ద పాత బట్టలైనా పుచ్చుకునేవారు. ఒహాయోలో కొన్ని భూములకు 50 ఆపిల్, 20 పీచ్ చెట్లు నాటితేనే హక్కు దక్కేది. కనుక వలసవారికి ఆ మొక్కలంటే సొంత ఇల్లే.

గింజ నుండి పెరిగిన ఆపిల్ తల్లిచెట్టును పోలదు, ఎక్కువగా పులుపే. అయినను అంటుకట్టుట చెట్టును గాయపరచుటయని ఆయన ఒప్పుకోలేదు. ఆ పుల్లని కాయలు చాలావరకు మత్తు పానీయమయ్యాయి, దాచనక్కరలేదు. ఆయన నమ్మిన స్వీడెన్‌బోర్గ్ బోధ కూడా మనది కాదు. కాని పుస్తకమును భాగాలుగా విడదీసి ఇంటింటికి ఇచ్చి, మరల వచ్చినప్పుడు మార్చి ఇచ్చిన ఆ ఓపిక మన సువార్తికులకు కావలసినదే.

1845లో ఫోర్ట్ వేన్ దగ్గర మరణించారు. తరచు చెప్పులు లేకుండా తిరిగిన ఆయన పేర అప్పటికి సుమారు 1,200 ఎకరాలున్నాయి.